నిండు ట్యూబులు

ఆ ఇంట్లో పొద్దున ఏడింటికి రోజూ జరిగే తతంగం ఒకటుంది. తండ్రి వంటింటి గుమ్మం పక్కన స్టూలు లాక్కుని కూర్చుంటాడు. చిన్న తెల్లని ట్యూబు మూత తీసి, అరచేతిలోకి క్రీము పిండుకుని ముఖానికి, మెడకు, మోచేతుల దాకా రాసుకుంటాడు. ఆయన రోడ్ల మీద తెల్ల గీతలు వేయించే మేస్త్రి. ఇరవై ఆరేళ్లుగా అదే పని. అందుకే క్రీము రాసుకోవడంలోనూ ఆ పనితనమే చూపిస్తాడు. ఎక్కడా ఖాళీ వదలడు, ఎక్కడా ముద్దగా ఉంచడు.

"ఏ గీతైనా నిలబడాలంటే రెండు కోటింగులు పడాలి," అన్నాడు.

"ముందు కడుపులో నాలుగు మెతుకులు పడాలి. చల్లారిపోతోంది, రండి," అంది తల్లి. ఎనిమిదిన్నరకల్లా ఆమె దర్జీ దుకాణంలో మిషను ముందు కూర్చోవాలి. "రోజూ ఈ పెళ్లికొడుకు ముస్తాబొకటి మన ఇంట్లో."

"నన్నంటావేం? ఆఫీసరమ్మ ఆర్డరు. కావాలంటే ఆవిణ్ణే అడుగు."

ఆఫీసరమ్మ అంటే కూతురు. ఆ కుటుంబంలో డిగ్రీ దాకా చదివిన మొదటి మనిషి. చర్మానికి రాసుకునే క్రీములు తయారుచేసే కంపెనీలో, కాగితాలు భద్రపరిచే విభాగంలో రెండేళ్లుగా పనిచేస్తోంది. పరీక్షలు అయిపోయాక పారేయాల్సిన సన్‌స్క్రీన్ ట్యూబులు అక్కడి స్టోరు గదిలో ఒక డబ్బాలో పడి ఉండేవి. వాటి మీద పేరుండదు, చిన్న కాగితం మీద నంబరు మాత్రమే ఉంటుంది. "కావాలంటే తీసుకుపో, ఎలాగూ తగలబెట్టేవే," అన్నాడు స్టోరు గుమాస్తా ఒకసారి. అంతకుముందే బజార్లో దాని ధర అడిగి వట్టి చేతులతో తిరిగొచ్చిన పిల్ల. ఆ మాట ఆమెకు వరంలా వినిపించింది.

తండ్రి పని అలాంటిది. తడి రోడ్డు మీద రంగు పట్టదు, చల్లటి రోడ్డు మీద గట్టిగా అంటుకోదు. రోడ్డు బాగా కాగాక, నడినెత్తి ఎండలో గీత వేయాలి. వెడల్పాటి టోపీ పెట్టుకుంటే గాలికి అంచు వాలి, గీత తిన్నగా రావడానికి నేల మీద కట్టిన తాడు కనబడడం లేదని ఆయన విసుక్కునేవాడు. మొదటి ట్యూబు చేతిలో పెడుతూ కూతురే చెప్పింది, "ఇది రాసుకుంటే చాలు నాన్నా, టోపీతో పనిలేదు" అని. ఆ రోజుతో ఆయన టోపీ మానేశాడు.

"కాస్త ఇటు తిరుగు," అంది కూతురు ఉన్నట్టుండి. తండ్రి కుడి చెవి పై అంచున చిన్న పుండు ఉంది. మధ్యలో పెచ్చు కట్టి, చుట్టూ ఎర్రగా గట్టిపడి ఉంది. "ఇది మొన్న తగ్గిందన్నావుగా."

"తగ్గిందే. కళ్లజోడు కాడ ఒరుసుకుని మళ్లీ రేగినట్టుంది."

"ఏం తగ్గలేదు," అంది తల్లి చెయ్యి తుడుచుకుంటూ. "మూడు నెలలుగా దిండు గలీబు మీద రక్తపు చుక్కలు ఉతికేది నేను. అడిగితే దోమ కుట్టిందంటారు. మూడు నెలలు ఒకే చోట కుట్టే దోమ ఎక్కడుందో నాకూ చూపించండి."

కూతురు నవ్వబోయి ఆగిపోయింది. కంపెనీ కాగితాల్లో ఎక్కడో చదివిన వాక్యం గుర్తుకొచ్చింది. ఎండ తగిలే చోట పుండు వారాల తరబడి మానకపోతే డాక్టరుకు చూపించాలి. ఆమె చేతిలోని టీ గ్లాసు కిందపెట్టేసింది. "ఇవాళ పనికి వెళ్లొద్దు నాన్నా."

చర్మ వ్యాధుల డాక్టరమ్మ చిన్న భూతద్దం లాంటి పరికరం చెవికి ఆనించి చాలాసేపు చూసింది. ఆ చూపుకే కూతురికి భయం వేసింది.

"చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుదాం. పది రోజుల్లో తెలుస్తుంది," అంది డాక్టరమ్మ. "ఎండలో పనా?"

"ఎండలోనే అమ్మా. కానీ జాగ్రత్తగానే ఉంటాను," అన్నాడు తండ్రి గర్వంగా. "మా అమ్మాయి క్రీముల కంపెనీలో పనిచేస్తుంది. తనే తెచ్చిస్తుంది. రెండేళ్లలో ఒక్క పూట మానలేదు."

"మంచిదే. రాయకపోయి ఉంటే ఇంకెలా ఉండేదో." డాక్టరమ్మ కూతురి వైపు చూసి తల ఊపింది. ఆ మెచ్చుకోలుకు కూతురు లోలోపల ఎంత పొంగిపోయిందో, మర్నాడు అంతకంతా కుంగిపోయింది.

మర్నాడు ఆమెను పరీక్షల గదికి పిలిచారు. అక్కడి రికార్డులు కూడా ఇకనుంచి ఆమే చూడాలట. ల్యాబు మేడమ్ ఓపికగా అల్మరా తెరిచి చూపించింది. "ప్రతి పరీక్షకీ రెండు ట్యూబులుంటాయి, చూశావా? ఒకటి ఎండను ఆపే మందు కలిపింది, ఇంకోటి కలపనిది. మందు ఎంత పనిచేస్తోందో తేలాలంటే అది లేనిది కూడా పక్కన ఉండాలి కదా. నంబరు చివర ఒకటి ఉంటే కలిపినట్టు, సున్నా ఉంటే కలపనట్టు."

"కలపనిది రాసుకుంటే ఎండ ఆగదా మేడమ్?"

"ఎలా ఆగుతుంది? వట్టి తెల్ల క్రీము. చర్మం మెత్తగా ఉంటుంది, అంతే." మేడమ్ ఒక ట్యూబు వేళ్లతో నొక్కి చూపించింది. "ఒకటి నంబరువన్నీ పరీక్షల్లో అయిపోయి వట్టి తోలు మిగులుతుంది. సున్నా నంబరులో కాస్త తీస్తే చాలు. అందుకే ఎప్పుడు చూసినా నిండుగానే ఉంటుంది."

కూతురు అల్మరా అంచు పట్టుకుంది. రెండేళ్లుగా ఆ డబ్బాలో చెయ్యి పెట్టి ఏరుకున్నది నిండు ట్యూబులనే. నొక్కి అణిగిపోయిన వాటిని పక్కకు తోసేసేది. ఇంట్లో ఆఖరి సబ్బు ముక్క దాకా వాడే మనుషుల మధ్య పెరిగిన పిల్ల, ఊరికే దొరికే చోట సగం అయిపోయింది ఎందుకు తీసుకుంటుంది? వెలితి లేనిది చూసి మరీ తెచ్చుకుంది. ఒక్కసారైనా నంబరు గురించి ఎవరినీ అడగలేదు.

ఆ రోజు ఇంటికి వచ్చేసరికి తండ్రి చెవికి పట్టీతో, స్నానాల గది అద్దం ముందు నిలబడి ట్యూబు పిండుకుంటున్నాడు. ఎండ వాలినా ముఖం మంటగా ఉందట. చల్లగా ఉంటుందని రాసుకుంటున్నాడట.

"ఆ మంట ఎన్నాళ్లుగా నాన్నా?"

"ఎండలో పనిచేసేవాడికి మంట ఎన్నాళ్లేమిటే పిచ్చిదానా."

ఆమె దారిలో బజారులో కొన్న కొత్త సన్‌స్క్రీన్ బ్యాగులోంచి తీసి అక్కడ పెట్టింది. పాత ట్యూబులు రెండూ చేతిలోకి తీసుకుంది. "ఇవి పాత రకం. ఇకనుంచి ఇది రాసుకో. చెవులకు కూడా. రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి."

"రెండు గంటలకోసారా? ఇన్నాళ్లూ ఒకసారే చాలన్నావు."

"ఇది కొత్త రకం," అంది. తండ్రికి ఆమె చెప్పిన మొదటి పెద్ద అబద్ధం అదే. ఎంత సులువుగా వచ్చిందో తలుచుకుంటే ఆమెకే గుండె ఝల్లుమంది.

ఆ తర్వాతి రోజులు ఆమెకు ఎలా గడిచాయో చెప్పడం కష్టం. తండ్రి అన్నం తింటుంటే చెవి వైపు చూసేది. ఫోను మోగితే ఆసుపత్రేమోనని ఉలిక్కిపడేది. ఆఫీసులో సున్నాతో ముగిసే ఏ అంకె కనబడినా చేతులు చల్లబడేవి. తల్లి మాత్రం ఎవరికీ వినబడకుండా మిషను దగ్గరే ఏడ్చుకుని, ఇంటికొచ్చి మామూలుగా వండేది. ఆరో రోజు తండ్రి చొక్కా తొడుక్కుంటూ అడిగాడు. "ఆ పాతవి ఇంకా ఉంటే ఒక నాలుగు తెచ్చిపెట్టు. మావాళ్లకి అయిపోవచ్చాయి."

"మావాళ్లంటే?"

"ఇంకెవరు, మా గుంపే. డ్రైవరు, రంగు కాచేవాడు, పూసలాయన. నేను రాసుకునేది చూసి అడిగారు. నీ చేతి చలవ, నలుగురం రాసుకుంటున్నాం."

ట్యూబులు అంత తొందరగా ఎందుకు అయిపోతున్నాయో ఆమెకు అప్పుడు అర్థమైంది. డ్రైవరును, రంగు కాచేవాణ్ణి ఆమె చూసింది. పూసలాయనను బాగా ఎరుగుదు. గీత ఆరకముందే దాని మీద గాజుపూసల పొడి చల్లుతాడు. బండి దీపాలు పడగానే గీత మెరిసేది ఆ పొడి వల్లే. ఆయనకు ముఖాన, రెండు చేతుల మీద భుజాల దాకా బొల్లి మచ్చలున్నాయి. రంగు లేని ఆ చర్మం ఇట్టే కమిలిపోతుంది. పదేళ్లుగా బనియనుతోనే, చేతులకు భుజాల దాకా గుడ్డలు చుట్టుకుని పనిచేసిన మనిషి.

"పూసలాయన ఇప్పుడు గుడ్డలు చుట్టుకుంటున్నాడా నాన్నా?"

"ఎందుకూ, క్రీముందిగా," అన్నాడు తండ్రి చెప్పులు వేసుకుంటూ. "గుడ్డలకి పూసల పొడి అంటుకుని చేతులు కోసుకుపోయేవి పాపం. నేనే తీసేయమన్నాను."

ఆమె చెప్పాలనుకుంది. నోరు తెరిచింది కూడా. "ఏమిటే?" అన్నాడు తండ్రి. ఆయన చెవికి ఉన్న తెల్లటి పట్టీ చూసేసరికి ఏం లేదు నాన్నా అనేసింది. పరీక్ష ఫలితం రానీ, అప్పుడు చెబుతాను అని తనకు తానే గడువు పెట్టుకుంది.

ఫలితం పదో రోజున వచ్చింది. డాక్టరమ్మ కాగితం బల్ల మీద పెట్టి, తండ్రి కళ్లలోకి చూస్తూ నెమ్మదిగా చెప్పింది. "ఇది చర్మపు క్యాన్సరే. భయపడకండి, పూర్తిగా వినండి. ఇంకా పైపైనే ఉంది, లోపలికి పోలేదు. మత్తు ఇంజక్షనిచ్చి ఇప్పుడే తీసేస్తాను. మూడు నెలలకోసారి వచ్చి చూపించుకోవాలి. టోపీ, పొడుగు చేతుల చొక్కా తప్పనిసరి. క్రీము ఒక్కటే సరిపోదు."

"ఇది ఈమధ్య వచ్చిందా డాక్టరుగారూ? ఈ రెండేళ్లలో?" కూతురు కుర్చీలో ముందుకు వంగి అడిగింది.

"రెండేళ్లలో కాదమ్మా. ఇరవై, పాతికేళ్ల ఎండ కూడబెట్టింది ఇది."

కుట్లు వేసి ఇంటికి పంపేసరికి సాయంత్రమైంది. తల్లి గుమ్మంలోనే నిలబడి ఉంది. విషయం విని, కొంగుతో ముఖం కప్పుకుంది. తర్వాత "బతికించావు దేవుడా" అని వంటింట్లోకి వెళ్లి పాలు పొయ్యి మీద పెట్టింది. కూతురు గోడకు ఆనుకుని కూర్చుంది. ఇది తన వల్ల రాలేదని డాక్టరే చెప్పింది. కొత్త క్రీము ఇంట్లో ఉంది. ఇక ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు. అలా అనుకున్న మరుక్షణమే తన మీద తనకే జుగుప్స కలిగింది.

అప్పుడే తండ్రి ఫోను మోగింది. అవతల పూసలాయన.

"బాగానే ఉన్నానయ్యా, తీసేశారు... ఏమిటీ, బొబ్బలా? ఎక్కడ, భుజం మీదా?" తండ్రి కాసేపు విన్నాడు. "మచ్చ మీదేనా... చూడూ, క్రీము మాత్రం మానకు. నాకే అది లేకపోతే ఇంకెలా ఉండేదో అని డాక్టరమ్మ అంది. దండిగా రాయి. రేపు పెద్ద కూడలి దగ్గర పని, మధ్యాహ్నానికల్లా అయిపోవాలి."

"నాన్నా, ఫోను పెట్టెయ్యకు," అంది కూతురు లేచి నిలబడి. "అది రాసుకోవద్దని చెప్పు. రేపు ఎండలోకి రావద్దని చెప్పు."

తండ్రి ఆమె ముఖం చూశాడు. "మళ్లీ చేస్తానయ్యా," అని ఫోను పక్కన పెట్టాడు. "ఏమైందే?"

ఆమె చెప్పింది. డబ్బా గురించి, నంబర్ల గురించి, నిండు ట్యూబులు ఏరుకోవడం గురించి అంతా చెప్పింది. చెబుతున్నంతసేపూ నేల వైపే చూసింది. తల్లి చేతిలో పాలగ్లాసుతో వచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఇప్పుడెందుకే ఇవన్నీ?" అంది తల్లి ముందుగా. "కుట్లు వేయించుకుని వచ్చిన మనిషి ముందు పెట్టాల్సిన మాటలా ఇవి? పాతవి తీసేసి కొత్తవి పెట్టావుగా. వాళ్లకీ అలాగే మార్చేస్తే పోయేది. పారేసేవి ఇంటికి తెచ్చావని పదిమందికీ తెలిస్తే నీ ఉద్యోగం ఉంటుందా? మన ఇంట్లో బల్ల ముందు కూర్చుని ఉద్యోగం చేసినవాళ్లు ఎవరున్నారే నువ్వు తప్ప?"

"అమ్మా, పూసల మావయ్య భుజం మీద బొబ్బలొచ్చాయి."

"ఎండకి రావా ఏం?"

"గుడ్డలు చుట్టుకుని ఉంటే వచ్చేవి కాదు."

తండ్రి చెవి పట్టీని వేలితో తడుముకుంటూ చాలాసేపు కూర్చున్నాడు. అరుస్తాడేమోనని కూతురు ఎదురుచూసింది. అరిచి ఉంటే తేలిగ్గా ఉండేది.

"నీకు తెలిసి ఎన్నాళ్లైంది?" అన్నాడు చివరికి.

"తొమ్మిది రోజులు."

"తొమ్మిది రోజులు." ఆయన ఆ మాట నెమ్మదిగా పలికాడు. "తెలియక రెండేళ్లు ఇచ్చావు. అది పొరపాటు. ఎవరైనా చేస్తారు. ఈ తొమ్మిది రోజులూ వాళ్లు నా పక్కనే నిలబడి అదే రాసుకున్నారే. నేనేమో నీ కొత్త క్రీము రాసుకుని వాళ్ల పక్కన నిలబడ్డాను. నన్ను ఎలాంటి మనిషిని చేశావో తెలుసా?"

కూతురు ఏడ్చింది. భయంగా ఉందని చెప్పింది. నీకు నావల్లే వచ్చిందనుకున్నాను, నువ్వు చచ్చిపోతావనుకున్నాను, నోరు రాలేదు నాన్నా అని వెక్కుతూ చెప్పింది. తండ్రి లేచి ఆమె దగ్గరికి రాలేదు. ఫోను తీసి, పూసలాయనకు కలిపి, "ఆ క్రీము ముట్టుకోకు. పొద్దున చెబుతాను," అని ఒక్క మాట చెప్పి పెట్టేశాడు. తర్వాత కూతురితో, "ఆరున్నరకి నాతో యార్డుకి రా. నేను చెప్పను. నువ్వే చెప్పాలి," అన్నాడు.

యార్డులో రంగు కాచే పొయ్యి బండి, రోడ్డుకు అడ్డం పెట్టేందుకు వరసగా పేర్చిన ప్లాస్టిక్ శంకువులు, పూసల పొడి బస్తాలు ఉన్నాయి. ముగ్గురూ టీ గ్లాసులతో బండి నీడన నిలబడి ఉన్నారు. "ఏంటి పాపా, నువ్వు కూడా గీతలు వేస్తావా ఇవాళ?" అన్నాడు డ్రైవరు. ఎవరూ నవ్వలేదని గమనించి గ్లాసు కిందపెట్టాడు.

ఆమె చెప్పింది. ఈసారి నేల వైపు చూడలేదు. తొమ్మిది రోజుల సంగతి కూడా దాచలేదు. రంగు కాచేవాడు తన మోచేతులు తిప్పి చూసుకున్నాడు. "మరి నా ముఖం తెల్లబడిందని మా ఆవిడ అందే," అన్నాడు అయోమయంగా. డ్రైవరు అతన్ని మోచేత్తో పొడిచి ఊరుకోమన్నాడు.

పూసలాయన చొక్కా గుండీలు విప్పి భుజం ముందుకు తిప్పాడు. తెల్లటి మచ్చ ఎర్రగా కాలి, రెండుచోట్ల చర్మం ఊడి ఉంది. "నేను మేస్త్రితో అన్నాను తల్లీ, ఇది రాస్తుంటే ఇంకా మండుతోందని. చదువుకున్న పిల్ల ఇచ్చింది కదా, నాకేం తెలుసు అని మళ్లీ నేనే ఊరుకున్నాను." ఆయన గుండీలు పెట్టుకున్నాడు. "మేస్త్రికి వచ్చినట్టు నాకూ వచ్చి ఉంటుందా?"

"తెలీదు మావయ్యా. డాక్టరుకే తెలుస్తుంది."

"నాకు ఆసుపత్రంటే భయం. ఒక్కణ్ణే పోలేను."

"నేను వస్తాను," అంది. ఆ మాట అన్నాక గాని ఆఫీసు గుర్తుకు రాలేదు. గుర్తొచ్చినా వెనక్కి తీసుకోలేదు.

తండ్రి ఆకాశం వైపు చూశాడు. ఒక్క మబ్బు లేదు, రోడ్డు పొడిగా ఉంది. ఇరవై ఆరేళ్లలో అలాంటి రోజును ఆయన వదులుకోలేదు. "పొయ్యి ఆర్పెయ్యండి. కూడలి ఎక్కడికీ పోదు," అన్నాడు. "అందరం వెళ్దాం. బండి తియ్యి."

డాక్టరమ్మ ఒక్కొక్కరినీ పిలిచి చూసింది. మిగతా ఇద్దరూ తొందరగానే బయటికొచ్చారు. పూసలాయన లోపలికి వెళ్లి అరగంట అయింది. తలుపు మీది గడియ కదిలినట్టు అనిపించిన ప్రతిసారీ కూతురు లేచి నిలబడింది. ఆఫీసుకు ఫోను చేసి, ల్యాబు మేడమ్‌కు జరిగినదంతా చెప్పేసింది. "రేపు వచ్చి రాసివ్వు. ఏమవుతుందో నేను చెప్పలేను," అంది మేడమ్. ఆ భయం ఇంకా ముందుంది. దాన్ని రేపు చూసుకోవాలి.

తండ్రి వచ్చి బెంచీ మీద ఆమె పక్కన కూర్చున్నాడు. నిన్నటి నుంచీ అంత దగ్గరగా రావడం అదే మొదటిసారి.

"నువ్వు చెప్పకపోయుంటే నాకు ఎప్పటికీ తెలిసేది కాదు," అన్నాడు. "రాత్రంతా అదే ఆలోచించాను. చెవి సంగతి కంటే అదే ఎక్కువ భయం వేసింది."

"నామీద నమ్మకం పోయిందా నాన్నా?"

"పోలేదే. నమ్మడమంటే ఏమీ అడక్కపోవడం అనుకున్నాను, అదే తప్పు. చదువుకున్నదానివి, నేనడిగితే చిన్నబుచ్చుకుంటావేమో అనుకున్నాను. కొత్తగా వచ్చిన రంగు డబ్బానైనా మూత తీసి, కలియబెట్టి చూస్తాను కదా. నా కూతురు ఇచ్చినదాన్ని చూడలేదు." ఆయన ఆమె వైపు తిరిగాడు. "ఇకనుంచి అడుగుతాను. నువ్వు విసుక్కోకూడదు."

ఆమె తల ఊపింది. కళ్లు తుడుచుకోబోతే ఆయనే తన చొక్కా చేత్తో తుడిచాడు.

తలుపు తెరుచుకుంది. పూసలాయన భుజానికి కట్టుతో వచ్చి వాళ్ల ముందు నిలబడ్డాడు. "ఇవాళ కోయాల్సిందేమీ లేదంది. కాలిన గాయమే అంది. మళ్లీ మూడు నెలలకి రమ్మంది." చెబుతూనే బెంచీ మీద కూలబడ్డాడు. తండ్రి ఆయన వీపు మీద చెయ్యి వేసి ఉంచాడు. కాసేపటికి తండ్రే పూసలాయన చేతిలోని కొత్త ట్యూబు, మందుల చీటీ తీసుకుని, కళ్లజోడు సర్దుకుని ట్యూబును అటూ ఇటూ తిప్పి చూశాడు. వెనకవైపు చీమల బారులా ఉన్న అక్షరాల మీద వేలు పెట్టాడు.

"ఇందులో ఏముందే?" అన్నాడు కూతురితో.

ఆమె ఆ పేర్లు చదివింది. ఒకటి తెలిసినట్టే ఉంది, మిగతావి తెలియవు. ఏదో ఒకటి చెప్పేయడం ఆమెకు క్షణంలో పని.

"నాకు తెలీదు నాన్నా," అంది. "ఉండు, డాక్టరమ్మని అడిగి వస్తాను."